సావిత్రి సారె, గంజాం అద్దె

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట నలుగురూ అనకముందే నేనే చెప్పేస్తున్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. రెండు జవాబు పత్రాల్లో ఒకే తప్పు కనిపిస్తే, ఎవరు ఎవర్ని చూసి రాశారో తేలేదాకా నాకు అన్నం సహించేది కాదు. కూరగాయలవాడు తూకం వేస్తుంటే నేను కాటా వైపు చూడను, వాడి చిటికెనవేలు వైపు చూస్తాను. మా ఆయనది దీనికి పూర్తిగా ఎదురు. ఒడియా స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన మనిషి, ఎవరేం చెప్పినా తలాడిస్తారు. ఇంట్లో ఇద్దరూ తలాడించేవాళ్లే అయితే సంసారం సాగినట్టే!

అలాంటి నేను లోకంలో ఒక్కణ్ని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. మా అన్నయ్యని.

బరంపురం పెద్ద బజారులో మాది పసుపు, చింతపండు, ఎండుమిరప టోకు వ్యాపారం. మా ముత్తాతల నాటిది. నాన్న పోతూ కొట్టూ ఇల్లూ అన్నయ్యకి రాశారు. గంజాం ఊళ్లో మెయిన్ రోడ్డు మీదున్న మేడని మాత్రం ఎవరికీ రాయలేదు. దాన్నొక ట్రస్టు కింద పెట్టారు. అమ్మకూడదు, దాని మీద వచ్చే అద్దె అన్నయ్యకీ నాకూ చెరిసగం, పెత్తనం అన్నయ్యది. ఈ సంగతి నాకు తెలుసు. ఎలా తెలుసంటే, దేవుడున్నాడని తెలిసినట్టు తెలుసు. ఎప్పుడూ నిలదీసి అడగలేదు. నాన్న పోయిన కొత్తలో ఒకసారి, మేడ కారిపోతోందని, అద్దె మరమ్మతులకే చాలడం లేదని అన్నయ్య అన్నాడు. సరే అన్నాను. అంతటితో ఆ మాట మర్చిపోయాను. చిటికెనవేలు చూసే మనిషిని, మేడని మర్చిపోయాను.

ఎందుకు మర్చిపోయానంటే, అన్నయ్య నాకు ఏ లోటూ రానివ్వలేదు. దసరా వస్తే బియ్యం బస్తాలు, నెయ్యి డబ్బాలు, ఏడాదికి సరిపడా పసుపు, కారం బరంపురంలోనే అంకులి పేటలో ఉన్న మా గుమ్మం ముందు దిగేవి. మా అమ్మాయి పెళ్లికి బంగారు గాజుల జత పెట్టాడు. మా ఆయనకి గుండె ఆపరేషనైతే విశాఖపట్నం ఆస్పత్రి బిల్లు మొత్తం తనే కట్టేశాడు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో వాడి రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లేకపోతే నా పసుపుకుంకాలు ఉండేవి కాదన్నయ్యా అని ఏడ్చాను. వాడు నా వీపు తట్టాడు. ఈ కథంతా నేను అత్తింటివాళ్లకి ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. వాళ్ల మొహాలు మాడేలా చెప్పేదాన్ని.

ఇవన్నీ ఒక ఎత్తు, సావిత్రి సారె ఒక ఎత్తు. మేం తెలుగువాళ్లమే అయినా ఇక్కడే పుట్టి పెరిగాం కనుక ఒడియా వాళ్ల సావిత్రి నోము మా ఇళ్లలోకీ వచ్చింది. ఒడియా పంచాంగం ప్రకారం జ్యేష్ఠ అమావాస్యకి భర్త ఆయుష్షు కోసం పట్టే నోము అది. దానికి పుట్టింటి నుంచి చీర, గాజులు, పళ్లు రావాలి. ఒడియా వాళ్లు దాన్ని భారొ అంటారు, మేం సారె అంటాం. ముందురోజు పొద్దున్నే అన్నయ్య బుట్ట తనే పట్టుకొచ్చేవాడు, కొట్టులో మనుషులతో పంపేవాడు కాదు. మామిడిపళ్లు, పనస తొనలు, తాటిముంజెలు, వాటి మీద చీర, చీర మీద గాజులు. సారె తెచ్చినవాడు తిని వెళ్లాలి, తినకుండా వెళ్తే సారె అందనట్టేనని మా అమ్మ అనేది. వాడు మా వంటింట్లో పీట వేసుకుని పప్పుచారు పోయించుకుని తినేవాడు. ఆ చీర కట్టుకుని నోము చేసుకుంటుంటే నాకు గర్వంగా ఉండేది. ఆ మాట దాచడం దేనికి?

ఒక ఏడాది, సావిత్రి వెళ్లిన నెలకి, పన్ను రిటర్న్ వేయించడానికి పక్కవీధి ఆడిటరు దగ్గరికి వెళ్లాను. నాది పెద్ద పనేం కాదు. పెన్షనూ, నాలుగు డిపాజిట్ల మీద వడ్డీ. ఒక టీ తాగేలోపు అయిపోతుంది. ఆ రోజు అవలేదు. ఆదాయపన్ను వాళ్ల దగ్గర ఒక పట్టీ ఉంటుంది. మన పాన్ నంబరు మీద ఏ మూల ఏ ఆదాయం పడినా అందులో కనిపిస్తుంది. ఆడిటరు దాన్ని తెరిచి చూసి, గంజాంలో మీకు అద్దె వస్తోందా మేడమ్ అని అడిగాడు. లేదన్నాను. వస్తోందన్నాడు. స్క్రీను నా వైపు తిప్పాడు. గంజాం మేడ అద్దెలో సగం ట్రస్టు ద్వారా నా పేరు మీద ఉంది. అద్దెదారు ముందుగానే కోసి కట్టిన పన్నులో సగం కూడా నా పేరు మీదే ఉంది. అద్దె అంత ఉంటుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

"నా సేతికి పైసా రాలేదు. రానిదానికి పన్నేటి?" అన్నాను.

"చేతికి అందిందా లేదా అన్నది లెక్క కాదు మేడమ్. ట్రస్టు పత్రం ప్రకారం ఆ సగం మీదైతే, ఆ ఆదాయం మీదే. మీ రిటర్న్‌లో చూపించాల్సిందే. అందలేదంటే, ఎందుకు అందలేదని మీరు ట్రస్టీని అడగాలి."

ట్రస్టీ అంటే మా అన్నయ్య. ఆ సంగతి అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు. రిటర్న్ ఇప్పుడే వెయ్యొద్దని చెప్పి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చేలోపు నా బుర్రలో పురుగు దూరింది. ఇన్నేళ్లు లేనిది ఈ ఏడే నా పేరు ఎందుకు ఎక్కింది? పన్ను నా నెత్తిన వేసి అద్దె తను తింటున్నాడా? మరమ్మతులకే చాలదన్న మేడకి అంత అద్దె ఎక్కణ్నుంచి వచ్చింది? మా ఆయనకి చెబితే, తేనెతుట్టె కదపకన్నారు. కదపకపోతే తేనె ఎవడు తాగుతున్నాడో తెలిసేదెలాగని నేను.

మర్నాడు బస్సెక్కి గంజాం వెళ్లాను. ఛత్రపురం దాటి ఊళ్లోకి దిగేసరికి ఉప్పుగాలి మొహాన కొట్టింది. మేడ దగ్గరికి వెళ్లి చూస్తే ఏముంది, నేను చిన్నప్పుడు చూసిన పెచ్చులూడిన గోడలు లేవు. కొత్త రంగు, గాజు తలుపులు, కింద ఒక బ్యాంకు. లోపలికెళ్లి, లాకరు కావాలని చెప్పి మేనేజరు ఎదురుగా కూర్చున్నాను. మాటల్లో పెట్టి, ఇల్లుగలవాళ్లు మంచివాళ్లేనా, బ్యాంకు ఇక్కడే ఉంటుందా, రేపు లేచిపోతుందా అని ఒడియాలో ఆరా తీశాను. మేనేజరు మా అన్నయ్యని ఆకాశానికెత్తాడు. కుళాయి కారుతోందంటే మర్నాడే మనిషిని పంపుతాడట, అద్దె పెంచమని ఒక్కరోజూ పేచీ పెట్టలేదట, అద్దె ప్రతి నెలా ట్రస్టు ఖాతాలోకి వెళ్తుందట. ఆ పొగడ్త విన్నకొద్దీ నా అనుమానం పెరిగింది. పేచీ పెట్టని వ్యాపారస్తుణ్ని నేను ఎక్కడా చూడలేదు. లాకరు ఫారం ఇస్తానంటే, మా ఆయన్ని అడిగి వస్తానని బయటపడ్డాను.

అట్నుంచి అటే పెద్ద బజారు వెళ్లాను. కొట్టు మీదనే ఇల్లు. వదిన ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. మేమిద్దరం ఒకర్నొకరం వదినా అనే పిలుచుకుంటాం. కూర్చోమంది, నిమ్మరసం కలిపి ఇచ్చింది. నేను తాగుతూ ఇల్లంతా కళ్లతో ఊడ్చేశాను. వంటింట్లో కొత్త గ్రానైట్ బండ. మెట్లకి స్టీలు రెయిలింగ్. ఈ బండలో నా అద్దె ఎంతుంది, ఆ రెయిలింగులో ఎంతుంది అని లోపల వాటాలు వేసుకుంటున్నాను. వదిన మా ఆయన మందుల గురించి అడుగుతోంది. ఏదో జవాబు చెప్పి కిందికి దిగాను.

కొట్టు వెనక గదిలో పసుపు బస్తాల మధ్య అన్నయ్య కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నన్ను చూసి ముక్కాలిపీట జరిపాడు. నేను కూర్చోలేదు.

"గంజాం మేడ అద్దెలో నా సగం ఏటయినాది అన్నయ్యా?"

వాడు తొణకలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడంటారు. తడుముకోని దొంగ ఇంకెంత గట్టివాడో అనుకున్నాను.

"నీకు సేరుతోనే ఉంది కదే," అన్నాడు. "దసరా బియ్యం ఎక్కడివి? పిల్ల పెళ్లికి గాజులెక్కడివి? బావ ఆపరేషనుకి కట్టింది ఎక్కడిది? అద్దెలో నీ వాటాయే కదా."

దొంగతనం చేశానని ఒప్పుకున్నా అంత బాధ ఉండేది కాదేమో. ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. నేను చేతులు పట్టుకుని ఏడుస్తున్నప్పుడు, ఇది నీ డబ్బేనే అని ఒక్క ముక్క అనొచ్చు కదా. అనలేదు. నా డబ్బుతో నా మొగుణ్ని బతికించి, నా చేత దణ్ణాలు పెట్టించుకున్నాడు. ఆ మాటే అనేశాను. కొట్టులో హమాలీలు వినేలా అన్నాను.

వాడి మొహం నల్లబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "నాన్న సెప్పిందే సేసాను. ఆడపిల్ల సేతిలో అద్దె డబ్బులు లెక్కెట్టి పొయ్యకురా, పోసిన రోజుతో రాకపోకలు ఆగిపోతాయి, దానికి ఏది కావాలో సూసి సెయ్యి అన్నాడు. నీ ఆపరేషన్లూ పెళ్లిళ్లూ సూసాను. ఇన్నాళ్లూ పన్ను కూడా మొత్తం నా పేరునే సూపించి కట్టాను. మొన్న మా కొత్త ఆడిటరు అది తప్పని, సగం నీ పేరున ఏసాడు. సెబుదామనుకున్నాను. నువ్వే ముందొచ్చావు."

నాన్న మాట అబద్ధం అయ్యుండదు. మా కుటుంబాల్లో అది నిజంగానే ఉంది. ఆడపడుచుకి పెట్టుపోతలు ఎన్నయినా చేస్తారు, లెక్క మాత్రం తేల్చరు. లెక్క తేల్చి చేతిలో పెట్టారంటే ఇక ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ చెల్లుచీటీ. మా పెద్ద మేనత్త కోర్టుకెళ్లి తన వాటా రొక్కంగా తెచ్చుకుంది. ఆ తర్వాత సావిత్రికి ఆవిడ గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఆవిడ వీధిలో గాజులమ్మేవాణ్ని పిలిచి తనే వేయించుకుని, అడిగినవాళ్లకి పుట్టింటివని చెప్పేది. నేను చిన్నపిల్లని, పక్కనే ఉండి విన్నాను.

అయినా నేను తగ్గలేదు. మళ్లీ ఆడిటరు దగ్గరికి వెళ్లి, బియ్యం బస్తాల కింద, గాజుల కింద ఇచ్చినదాన్ని ఏమంటారని అడిగాను. అతను నవ్వలేదు, శ్రద్ధగానే చెప్పాడు. అన్న తనంతట తను ఇచ్చిందైతే బహుమతి, దానికి పన్ను లేదు, ఎక్కడా చూపించక్కర్లేదు. వాటా కింద ఇచ్చిందైతే నా ఆదాయం, చూపించాలి. ఏదో ఒకటే అవుతుంది, రెండూ కావు. ఏదన్నది మీరిద్దరూ తేల్చుకుని నాకు చెప్పండి మేడమ్ అన్నాడు.

ఏదన్నదే కదా నా బాధ కూడా! నేను ఇన్నేళ్లు అన్న ప్రేమ అనుకుని మింగింది నా అద్దెయేనా? అన్నీ అద్దెలోంచే అయితే, ఇంక నాకు పుట్టిల్లు ఎక్కడుంది? ఒక మేడ, ఒక ఖాతా, ఒక గుమస్తా ఉన్నాడంతే. అలా అనుకున్నకొద్దీ ఒళ్లు మండిపోయింది. ఫోను చేశాను.

"ఇకమీదట బస్తాలూ వద్దు, డబ్బాలూ వద్దు. మొదట్నుంచీ లెక్క కట్టి, మిగిలింది నా ఖాతాలో ఎయ్యి."

అవతల కొట్టులో ఎవరో మిరపకాయల ఘాటుకి తుమ్మడం వినిపించింది.

"అత్త గుర్తుందేటే?" అన్నాడు.

"గుర్తుంది. ఆవిడ సొమ్ము ఆవిడకి దక్కింది," అన్నాను.

వాడు ఫోను పెట్టేశాడు. పక్క గదిలోంచి మా ఆయన, ఆ మాట అనకుండా ఉండాల్సింది అన్నారు. మీరు తలాడించుకోండి, నేను లెక్క చూసుకుంటానన్నాను.

లెక్క రిటర్న్ గడువుకి ముందే వచ్చింది. అన్నయ్య స్వయంగా రాసినది, నాన్నకి మల్లే నిలువు గీతలు కొట్టి. వచ్చిన అద్దె, మేడ బాగుచేయించిన ఖర్చు, నా సగం. అందులోంచి ఆస్పత్రి, గాజులు, దసరా సరుకులు, నా బదులు కట్టిన పన్ను. తీసివేయగా మిగిలినది ఆ రోజే నా ఖాతాలో పడింది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని వరసవరసా దిద్దాను. సరుకులకి టోకు ధరే వేశాడు, బజారు ధర వెయ్యలేదు. గాజులకి ఆనాటి బంగారం ధరే ఉంది. ఒక్క తప్పు దొరికితే బాగుండునని వెతికాను. దొరకలేదు.

అప్పుడు తట్టింది, సావిత్రి సారె ఎక్కడా లేదు. అన్నేళ్ల చీరలు, గాజులు, పళ్లబుట్టలు, ఒక్కటీ ఎక్కలేదు. ఎక్కించడం మర్చిపోయే మనిషి కాదు వాడు. పసుపు కొమ్ము రాలిపోయినా రాసుకుంటాడు. మరెందుకు వదిలేశాడు? దీన్ని దాచి మరెక్కడో సర్దాడా? నా బుర్ర అలాగే పని చేసింది మరి. అన్నయ్యని అడిగే మొహం లేక వదినకి ఫోను చేశాను.

"సావిత్రి సీర అద్దెలోది కాదు వదినా," అంది వదిన. గొంతు చల్లగా ఉంది. "మీ నాన్నగారున్నప్పట్నుంచీ అది మీ అన్నయ్య సొంత సొమ్ము. సీర తనే ఎంచుతారు, నన్ను కూడా ఎంచనియ్యరు. అదెలా లెక్కలోకి ఎక్కుద్ది?"

నేను సరే వదినా అన్నాను.

రిటర్న్ వేశాను. అద్దెలో నా సగం చూపించాను, అద్దెదారు కోసింది పోగా ఇంకా పడే పన్ను కట్టేశాను. ఆడిటరు, ఇప్పుడు అంతా శుభ్రంగా ఉంది మేడమ్ అన్నాడు. శుభ్రంగానే ఉంది. ప్రతి నెలా ఖాతాలో అద్దె పడినట్టు ఫోనుకి మెసేజి వచ్చేది. దసరాకి బస్తాలు రాలేదు. వద్దన్నది నేనే కదా, పక్క కొట్టులో బియ్యం కొన్నాను. తూకం చూసుకునే కొన్నాను. అన్నయ్య ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. నా పేరు మీద ఆదాయం ఉంటే నాకు తెలియాలి. అది న్యాయం. కానీ న్యాయం చేతికొచ్చాక ఇంట్లో అంత నిశ్శబ్దం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఎండాకాలం వచ్చింది. సావిత్రి దగ్గరపడుతుంటే నాకు మేనత్త పదేపదే గుర్తొచ్చేది. వీధిలో గాజులవాడి కేక వినిపిస్తే కిటికీ మూసేసేదాన్ని. చీర కొనుక్కుంటావా అని మా ఆయన అడిగారు. చూద్దాంలెండి అన్నాను. వాడు రాడని నాకు గట్టిగా తెలుసు. అయినా ముందురోజు పొద్దున్నే పప్పుచారు పెట్టాను. ఎవరికని మా ఆయన అడగలేదు, ఆ మనిషికి అంత మర్యాద ఉంది.

గేటు చప్పుడైంది. అన్నయ్య. చేతిలో బుట్ట.

నేను గుమ్మంలోకి పరుగెత్తాను. ఏడాదిలో వాడు చిక్కిపోయాడు. లోపలికి రమ్మన్నాను. వాడు చెప్పులు విప్పలేదు. బుట్ట వరండాలో బల్ల మీద పెట్టాడు. మామిడిపళ్లు, పనస తొనలు, ముంజెలు, నీలం అంచు చీర, గాజులు, అన్నీ ఉన్నాయి. గాజుల కింద మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది.

"అందులో కొట్టువాడి బిల్లుంది," అన్నాడు. "నా పేరునే రాయించాను. ఇది నీ అద్దెలోది కాదని మీ ఆడిటరుకి సూపించు."

"తినీసి ఎల్లన్నయ్యా. పప్పుచారు ఎట్టాను," అన్నాను.

"కొట్టు తెరవాల," అన్నాడు. మెట్లు దిగాడు. గేటు మళ్లీ జాగ్రత్తగా మూసి గొళ్లెం వేసి మరీ వెళ్లాడు.

నేను బుట్ట పక్కన కూర్చున్నాను. వాడు తినలేదు. సారె అందిందో లేదో అమ్మ ఉంటే చెప్పేది. గాజులు పక్కకి తీసి కాగితం విప్పాను. ఇక్కడ కూడా నా బుద్ధి నాదే. ముందు తేదీ చూశాను. తర్వాత పేరు చూశాను. తర్వాత చీర, గాజులు, పళ్లు, ఒక్కొక్కటీ కలుపుకుంటూ కిందిదాకా వచ్చాను. కూడిక అయ్యాకే ఏడుపొచ్చింది.

లెక్క సరిగ్గానే ఉంది.